ప్లీడరుగారింటి బ్యాటు

కోనసీమ చేలల్లో కొబ్బరిమట్ట బ్యాటు పట్టే కుర్రాళ్లకు తెలియని తాతగారొకరున్నారు. నల్లకోటు వేసుకుని కోర్టుకెళ్లిన తాతగారు. అమలాపురం మీదుగా పోయే 216వ నంబరు రోడ్డు పట్టుకుని వెళితే ఆ కుటుంబం ఊరొస్తుంది. ఆ ఊరి నుంచి నాగపూర్‌కు, అక్కడి నుంచి లార్డ్స్ మైదానానికి వెళ్లిన ఓ ఆట కథ ఇది.

సంక్రాంతికి కోనసీమ ఇళ్లకు ధాన్యంతోపాటు పిల్లలూ వస్తారు. హైదరాబాదు, బెంగళూరు బస్సులు తెల్లవారకముందే రావులపాలెంలో ఆగుతాయి. కళ్లు నులుముకుంటూ దిగినవాళ్లు కొత్తపేట వైపు కొందరు, అమలాపురం వైపు కొందరు, రాజోలు వైపు కొందరు సర్దుకుంటారు. ఆ మూడు రోజులూ ఊళ్లకు కొత్త కళ. కొత్తపేటలో ప్రభల సందడి. కనుమనాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు. భుజాలమీద మోస్తూ చేలు దాటించి, కౌశిక దాటించి వాటిని తోటకు చేరుస్తుంటే చూడటానికి రెండు కళ్లూ చాలవు.

ఆ సందడికి కాస్త పక్కన మరో తీర్థం నడుస్తుంటుంది. కోతలయిపోయి, దాళ్వాకు ఇంకా నీరు పెట్టని చేను ఒక్కటి కనిపిస్తే చాలు... వరి దుబ్బులు చెక్కేసి, నేల చదునుచేసి, మూడు కర్రలు పాతేస్తారు. పెద్దవాళ్ల దగ్గర దుకాణంలో కొన్న బ్యాటు ఉంటుంది. చిన్నవాళ్లకు ఆ భాగ్యం లేదు. వాళ్లకు కొబ్బరిచెట్టే దుకాణం. రాలిన మట్ట తెచ్చి ఆకులు కోసేస్తారు. మొదలు వెడల్పుగా ఉంటుంది కాబట్టి అది బ్యాటు. సన్నబడ్డ చోట పిడి. అరగంట కత్తి పని. ఖర్చు సున్నా.

రూల్సు మాత్రం ఊరికొకటి. బంతి కాలవలో పడితే కొన్నిచోట్ల సిక్సర్, కొన్నిచోట్ల ఔట్. కొబ్బరిచెట్టుకు తగిలి వచ్చిన బంతిని పడితే క్యాచా, కాదా? ఆ గొడవ ఈనాటికీ తేలలేదు! అందుకే ప్రతి మ్యాచ్‌లోనూ ఓ వాదన తప్పదు. ఒకడు కర్రల ముందు నిలబడి ఔట్ కాదని సాక్ష్యాలతో సహా నిరూపిస్తుంటాడు. అవతలివాడికి ఓపిక నశిస్తుంది.

‘ఒరేయ్, నీ ప్లీడరీ ఆపి బ్యాటిచ్చెయ్యరా!’

గట్టు మీద కూర్చున్న తాతగారు నవ్వుతారు. ఆ మాట అన్న కుర్రాడికి తెలియదుగానీ, వాడు చరిత్రే చెప్పాడు. తెలుగువాళ్లలో క్రికెట్ బ్యాటు ముందుగా చేరిన ఇళ్లలో ప్లీడర్ల ఇల్లు ఒకటి మరి.

కాలవలొచ్చాయి... ఆట రాలేదు

కోనసీమలో విక్టోరియా మహారాణి కాలం నాటి గుర్తులు వెతకడానికి మ్యూజియానికి వెళ్లక్కర్లేదు. పి.గన్నవరం దగ్గర వైనతేయ ఒడ్డున నిలబడితే చాలు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక, ఆ నీటిని వైనతేయ దాటించి దిగువ లంకకు చేర్చేందుకు కట్టిన పాత అక్విడక్టు అక్కడుంది. 49 వంపుల వంతెన. కింద నది, పైన కాలవ! దానికి పక్కనే కొత్త అక్విడక్టు వచ్చాక పాతదానికి పని తగ్గిందిగానీ పెద్దరికం తగ్గలేదు.

ఆ నీటితో కోనసీమ దశ తిరిగింది. పంట పెరిగింది. పంటతోపాటు భూమి విలువ, భూమితోపాటు తగాదాలు, తగాదాలతోపాటు కోర్టులు. కోర్టులుంటే వకీళ్లుండాలి. వకీలు కావాలంటే ఇంగ్లిషు చదవాలి. నీరు, బడి, కోర్టు... దొరలు తెచ్చిన ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి ఊళ్లలోకి వచ్చేశాయి. నాలుగోది మాత్రం రాలేదు. అది క్రికెట్. కాలవ తవ్వడానికి, శిస్తు కట్టడానికి ఊరివాళ్లు కావాలిగానీ, ఆడుకోవడానికి దొరలకు దొరలే సరిపోయేవారు. ఆట దండు మైదానాల్లోనూ, క్లబ్బు కంచెల లోపలా ఉండిపోయింది.

అసలు ఇంగ్లండులోనే అది రెండు రకాల మనుషుల ఆట. డబ్బు పుచ్చుకోకుండా సరదాకి ఆడేవాడు అమెచ్యూర్. అతను ‘జెంటిల్మన్’. కూలికి ఆడేవాడు ప్రొఫెషనల్. అతను ఉత్త ‘ప్లేయర్’. స్కోరు కార్డుమీద కూడా తేడానే. అమెచ్యూర్ పొడి అక్షరాలు ఇంటిపేరుకు ముందు వేసేవారు, ప్రొఫెషనల్‌వి వెనక. ఈ రెండు వర్గాల మధ్య 1806లో మొదలైన మ్యాచ్‌లు 1962 దాకా సాగాయంటే ఆశ్చర్యమే!

ఆ జెంటిల్మన్లలో లాయర్లకు కొదవలేదు. ఆల్ఫ్రెడ్ లిటిల్టన్ అనే బారిస్టర్ సంగతే చూడండి. ఇంగ్లండుకు ఫుట్‌బాలూ ఆడాడు, క్రికెట్టూ ఆడాడు. ఆయన వికెట్‌కీపర్. 1884లో ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియా వాళ్లు ఎంతకీ ఔట్ కాక 551 పరుగులు చేశారు. ఇంగ్లండు జట్టులో పదకొండుమందీ బంతి వేశారు. చివరికి లిటిల్టన్ కాళ్లకు ప్యాడ్లతోనే వచ్చి, చెయ్యి కిందినుంచి పిల్లల్లా విసిరి, 19 పరుగులకు నాలుగు వికెట్లు తీశాడు. ఆయన కీపింగ్ చేసే చోట అప్పుడు నిలబడింది డబ్ల్యు.జి.గ్రేస్! 1903లో ఆ లిటిల్టనే బ్రిటన్ వలసల మంత్రి అయ్యాడు.

తీరిక, చదువు, డబ్బు. ఈ మూడూ ఉన్నవాడి సరదా అది. మన దేశంలో అలాంటి సరదా ఎవరికి సాధ్యం? దొరలతో పనులున్న దుబాసీలకు, ఇంగ్లిషు చదివిన వకీళ్లకు. సరిగ్గా ఆ రెండు రకాల ఇళ్లలోంచే ఇద్దరు తెలుగువాళ్లు కదిలారు. ఒకరిది మద్రాసు, ఇంకొకరిది నాగపూర్.

చెట్టుకింది భోజనం

ఆ రోజుల్లో గోదావరి జిల్లా వాళ్లకు మద్రాసే రాజధాని. పెద్ద దావా అప్పీలుకు వెళ్లాలన్నా, పెద్ద చదువు చదవాలన్నా అక్కడికే. అక్కడ 1846లో దొరలు పెట్టుకున్న మద్రాస్ క్రికెట్ క్లబ్బు తర్వాత చేపాక్‌కు చేరింది. లోపల నీడ, కుర్చీలు, పెవిలియన్. సభ్యులంతా తెల్లవాళ్లే.

మైలాపూరు లజ్‌లో ఓ తెలుగు దుబాసీల కుటుంబం ఉండేది. ఆ ఇంటి కుర్రాడు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. 1868లో పుట్టారు. ఇంట్లో, ఊళ్లో అందరికీ బుచ్చిబాబు. చేపాక్ ఆట చూసి పెరిగిన ఆయనకు ఒకటే పట్టుదల: మనవాళ్లూ ఆడాలి, అదీ వాళ్లకు ఎదురుగా నిలబడి ఆడాలి. 1888లో, అంటే ఇరవయ్యేళ్ల వయసులో, మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టేశారు. జార్జిటౌన్ దగ్గర ఎస్ప్లనేడ్ మైదానం దాని చిరునామా. కుర్రాళ్లను వెతికి పట్టుకురావడం, బ్యాట్లు కొనివ్వడం, సొంత తోటలో సాధన చేయించడం... అన్నీ సొంత ఖర్చుమీదే. ఇంగ్లండు జెంటిల్మన్లు డబ్బు తీసుకోకుండా ఆడారు. ఈయన ఎదురు డబ్బు పెట్టి మరీ ఆడించారు!

దొరల జట్టుతో ఆడటానికి వెళ్లిన మనవాళ్లకు పెవిలియన్‌లో చోటుండేది కాదు. మధ్యాహ్నం భోజనాలు చెట్టు కిందే అని మద్రాసు పాతతరం చెప్పుకునేది. మైదానంలో ఇరవైరెండు గజాల దూరంలో సమానులు. గంట కొట్టగానే ఒకరు మేడమీదికి, ఇంకొకరు చెట్టు కిందికి. ఆ చెట్టుకింది అన్నం బుచ్చిబాబుకు మింగుడుపడి ఉండదు. భారతీయులకూ యూరోపియన్లకూ మధ్య ఓ పెద్ద మ్యాచ్ జరిపించాలని ఏళ్ల తరబడి తిరిగారు. చివరికి 1908 డిసెంబరుకు అది కుదిరింది.

దాన్ని చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది. మ్యాచ్‌కు కొద్ది రోజుల ముందే కన్నుమూశారు. నిండా నలభై ఏళ్లు. మ్యాచ్ మాత్రం ఆగలేదు. తర్వాత 1915 నుంచి ప్రెసిడెన్సీ మ్యాచ్ పేరుతో స్థిరపడిన ఆ పోటీ, సంక్రాంతి రోజుల్లో మద్రాసు వాళ్లకు పండగ పిండివంటల్లో ఒకటైపోయింది. అదిగో, సంక్రాంతికీ క్రికెట్‌కూ చుట్టరికం అప్పటిది!

ఆయన కొడుకు కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడారు. నలభయ్యేళ్ల వయసులో, 1936లో, ఇంగ్లండులో భారత్ తరఫున రెండు క్రికెట్ టెస్టులూ ఆడారు. నాలుగు ఇన్నింగ్స్‌లో 40, 60, 29, 41 నాటౌట్. బుచ్చిబాబు పేరుతో పుట్టిన టోర్నమెంటు కొన్నేళ్లు ఆగి, 2023లో మళ్లీ మొదలైంది.

ఇది దుబాసీ ఇంటి కథ. వకీలు ఇంటి కథ వినాలంటే మళ్లీ కోనసీమకు వచ్చి బస్సెక్కాలి.

216 మీద బందరుకు

కత్తిపూడిలో మొదలై కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు మీదుగా సముద్రాన్ని ఓ కంట కనిపెడుతూ ఒంగోలు దాకా పోతుంది 216వ నంబరు జాతీయ రహదారి. రాజోలు దాటి దిండి చేరేసరికి రెండువైపులా కొబ్బరి గొడుగులు. అక్కడ వశిష్ఠ మీద చించినాడ వంతెన. వంతెన మధ్యకు వచ్చాక ఎవరైనా వెనక్కి తిరిగి చూడాల్సిందే. వెనక కోనసీమ, ముందు పశ్చిమగోదావరి. పాలకొల్లు, నరసాపురం వైపు సాగి, చేపల చెరువులు దాటి, కృత్తివెన్ను, కలంకారీ పెడన మీదుగా బండి బందరు చేరుతుంది.

బందరంటే లడ్డూ గుర్తొస్తుంది చాలామందికి. చరిత్ర చదివినవాళ్లకు ఇంకొన్ని గుర్తొస్తాయి. ఇంగ్లిషువాళ్లు 1611లోనే ఇక్కడ వర్తకం మొదలుపెట్టారు. 1864 నవంబరు ఉప్పెనలో దాదాపు ముప్ఫైవేలమంది కొట్టుకుపోయారు. ఓడలొచ్చిన ఊరు, ఓడిపోయిన ఊరు, మళ్లీ లేచిన ఊరు. బందరు వాళ్లు బయటి ప్రపంచాన్ని అందరికన్నా ముందు చూశారు. అందుకేనేమో బయటికి వెళ్లడానికీ వెనకాడలేదు.

అలా ఇక్కడినుంచి వెళ్లిన కుటుంబాల్లో కొఠారి వారిది ఒకటి. వెళ్లింది నాగపూర్‌కు.

అంత దూరం ఎందుకంటారా? 1854లో నాగపూర్ రాజ్యాన్ని కుంఫిణీ కలిపేసుకుంది. 1861లో సెంట్రల్ ప్రావిన్సెస్ ఏర్పడింది. నాగపూర్ దానికి రాజధాని. కొత్త రాజధాని అంటే కొత్త కచేరీలు, కొత్త కోర్టులు. పక్కనే ఉన్న కాంప్టీ దండులో మద్రాసు పటాలాలు ఉండటంతో ఆ చుట్టుపక్కల తెలుగు మాట అంతకుముందే వినిపించేది. ఇంగ్లిషు చదువు, చట్టం తెలిసిన తెలుగువాడికి అక్కడ చేతినిండా పనే.

కొఠారి నారాయణస్వామి నాయుడు నాగపూర్‌లో పేరున్న వకీలు అయ్యారు. భూములూ కూడాయి. 1891లో కాంగ్రెస్ మహాసభ నాగపూర్‌లో జరిగినప్పుడు ఆహ్వాన సంఘానికి ఆయనే అధ్యక్షులు. విశేషమేమిటంటే, ఆ సభకు అధ్యక్షత వహించిన పనప్పాకం ఆనందాచార్యులు కూడా తెలుగువాడే, మద్రాసులో వకీలే! మరాఠీ గడ్డమీద ఓ తెలుగు వకీలు పిలిస్తే ఇంకో తెలుగు వకీలు వెళ్లి దేశం తరఫున మాట్లాడారన్నమాట.

నారాయణస్వామి గారి కొడుకు సూర్యప్రకాశరావు. చట్టం చదవడానికి ఏకంగా కేంబ్రిడ్జికే వెళ్లారు. అక్కడ అప్పుడు ఓ నల్లటి సన్నపాటి కుర్రాడు మణికట్టు తిప్పి బంతిని వెనక్కి జార్చేస్తుంటే ఇంగ్లండు నోరు తెరిచి చూస్తోంది. అతనే రంజిత్‌సింహ్‌జీ. 1893లో కేంబ్రిడ్జి జట్టులో చోటు సంపాదించిన తొలి భారతీయుడు. మన దేశంలో రంజీ ట్రోఫీ ఆయన పేరుమీదే. ఆ రంజీ ఉన్న రోజుల్లో, ఆ గాలి పీల్చి వచ్చారు సూర్యప్రకాశరావు. తిరిగొచ్చి న్యాయవాది అయ్యారు. తర్వాత ఇండోర్‌లోని హోల్కర్ సంస్థానం హైకోర్టులో న్యాయమూర్తి అయ్యారు.

వకీలు ఇంట్లో పుస్తకాలుంటాయి. ఆ ఇంట్లో బ్యాట్లూ ఉన్నాయి. అదీ తేడా.

నాలుగో బంతి

1895 అక్టోబరు 31న ఆ ఇంట్లో పుట్టిన పిల్లవాడికి కనకయ్య అని పేరు పెట్టారు. కొఠారి కనకయ్య నాయుడు. లోకానికి సి.కె. నాయుడు. ‘కొఠారి’ని ఇంగ్లిషులో ‘సి’తో రాయడంవల్ల వచ్చిన అక్షరం అది. అంటే, కోట్లమంది నోట పలికిన ఆ ‘సి’ మన తెలుగింటి పేరే!

తాత వకీలు, తండ్రి వకీలు. మనవడు కూడా నల్లకోటే వేయాలని ఎవరైనా అనుకుంటారు. ఆయన తెల్ల దుస్తులు వేసుకున్నారు. 1916లో బొంబాయి చతుర్ముఖ పోటీల్లో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద తొలి మ్యాచ్. జట్టు ఇబ్బందుల్లో ఉండగా చివరి వరసలో దిగారు. మూడు బంతులు మర్యాదగా ఆపారు. నాలుగోదాన్ని సిక్సర్ కొట్టారు. పరుగుల ఖాతా తెరవడమే అలా!

1926లో ఆర్థర్ గిల్లిగన్ తన ఎం.సి.సి. జట్టును తీసుకుని వచ్చాడు. బొంబాయి జింఖానా మైదానం. సి.కె. రెండు గంటలు కూడా ఆడకుండానే 153 పరుగులు చేశారు. అందులో సిక్సర్లే పదకొండు. చుట్టూ ఇళ్ల మీద, చెట్ల మీద ఎక్కి చూశారు జనం. చేపాక్‌లో చెట్టు కింద తిన్నవాళ్ల కడుపుమంట ఆ రోజు బొంబాయిలో కొంత చల్లారి ఉండాలి. భారత్‌కు టెస్టు హోదా ఇవ్వొచ్చన్న నమ్మకం ఇంగ్లండుకు కలగడానికి ఆ ఇన్నింగ్స్ కూడా ఓ కారణం.

1932 జూన్ 25. లార్డ్స్. భారత్ ఆడిన మొట్టమొదటి టెస్టు మ్యాచ్. ఆ జట్టుకు అసలు కెప్టెన్ పోరుబందరు మహారాజు. ఆయన కింద ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు. ఇద్దరూ ఆ రోజు ఆడలేదు. దాంతో రాజూ కాని, రాజకుమారుడూ కాని వకీలుగారబ్బాయి టాస్‌కు నడిచారు. క్యాచ్ పట్టబోయి చేతికి దెబ్బ తగిలింది. అయినా తొలి ఇన్నింగ్స్‌లో 40 పరుగులతో జట్టులో ఎక్కువ స్కోరు ఆయనదే. మ్యాచ్ 158 పరుగుల తేడాతో పోయింది. కానీ ఆ పర్యటన మొత్తంలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో ఆయన చేసిన 1,618 పరుగులు, తీసిన 65 వికెట్లు చూసి విజ్డెన్ పుస్తకం 1933లో అయిదుగురు మేటి ఆటగాళ్లలో ఒకరిగా పేరు వేసింది. బర్మింగ్‌హామ్‌లో ఆయన కొట్టిన ఓ సిక్సర్ రే నది దాటి పక్క కౌంటీలో పడిందని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. మన భాషలో చెప్పాలంటే, దిండిలో కొడితే చించినాడలో పడ్డట్టు!

ఇండోర్ మొండితనం

1923లోనే హోల్కర్ మహారాజు సి.కె.ను ఇండోర్‌కు పిలిపించి సైన్యంలో కెప్టెన్‌ను చేశారు. ఇండోర్ ఆయన రెండో పుట్టిల్లయింది. అక్కడ తయారైన హోల్కర్ జట్టు 1945-46 నుంచి 1952-53 లోపు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. సారథి సి.కె.నే. యాభయ్యేళ్ల వయసులో బరోడా మీద డబుల్ సెంచరీ. 56 ఏళ్ల వయసులో దత్తు ఫడ్కర్ విసిరిన బంతి మూతిమీద తగిలి పళ్లు ఊడిపోతే, వాటిని పక్కకు నెట్టి మళ్లీ గార్డు తీసుకున్నారట. వాయిదా అడగడం ఆ వకీలు వంశంలో ఈయనకే చేతకాలేదు!

తమ్ముడు సి.ఎస్. నాయుడిదీ అదే తీరు. పదకొండు టెస్టులు ఆడారు. 1944-45 రంజీ ఫైనల్లో బొంబాయి మీద ఒక్క మ్యాచ్‌లో 152.5 ఓవర్లు వేశారు. 428 పరుగులిచ్చి 11 వికెట్లు తీశారు. ఇవాళ ఒక టీ20 బౌలరుకు దక్కేది నాలుగు ఓవర్లు. ఆ లెక్కన అది ముప్ఫై ఎనిమిది మ్యాచ్‌ల పని.

ఇక్కడో మాట. డబ్బుకోసం ఆడకపోవడం గొప్ప అని విక్టోరియా కాలం నమ్మింది. ఆ గొప్పతనం వెనక ఎవరో ఒకరి ఆస్తి ఉండాలి. లిటిల్టన్‌కు వంశం ఉంది, బుచ్చిబాబుకు దుబాసీ సంపాదన ఉంది, సి.కె.కు ప్లీడరు తాత ఉన్నారు, తర్వాత మహారాజు ఉన్నారు. అవేవీ లేని ఇంట్లో అలాంటి కుర్రాడే పుట్టి ఉంటే? కోనసీమలోనో, బందరు పక్క పల్లెలోనో పుట్టే ఉంటాడు. వాడి పేరు మనకు తెలియదు. అంతే.

సొంతగడ్డ పిలిచింది

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. రాజధాని కర్నూలు. డబ్బు లేదు, కట్టడాలు లేవు, డేరాల్లో కచేరీలు. ఆ 1953-54 సీజన్లోనే ఆంధ్ర పేరుతో ఓ జట్టు తొలిసారి రంజీ ట్రోఫీ బరిలోకి దిగింది. కుర్రజట్టు. ముందు నడిపించే పెద్దదిక్కు కావాలి. ఆ జట్టుకు నాయకత్వం వహించడానికి వచ్చిన మనిషికి అప్పటికి 58 ఏళ్లు నిండుతున్నాయి. సి.కె. నాయుడు!

నాగపూర్‌లో పుట్టి, ఇండోర్‌లో పేరు తెచ్చుకుని, లార్డ్స్‌లో దేశానికి టాస్ వేసిన మనిషి. ముందు ఏడాదే హోల్కర్‌ను విజేతగా నిలిపిన కెప్టెన్. తాతలనాడు వదిలిన గడ్డ పేరు చొక్కామీద వేసుకుని, తన వయసులో సగం కూడా లేని పిల్లల మధ్య నిలబడ్డారు. గెలుపోటముల సంగతి పక్కనపెట్టండి. బందరు నుంచి బయల్దేరిన ప్రయాణం మూడు తరాల తర్వాత ఆంధ్ర పేరు దగ్గరికి తిరిగొచ్చింది.

ఆయన ఆ తర్వాత ఉత్తరప్రదేశ్ తరఫునా ఆడారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 68 ఏళ్ల వయసులో, 1963లో, ఆఖరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు. కూతురు చంద్రా నాయుడు మన దేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతల్లో ఒకరు. తండ్రి గురించి పుస్తకమూ రాశారు. 2021లో ఆమె కూడా వెళ్లిపోయారు. బోర్డు ఏటా జరిపే కుర్రాళ్ల టోర్నీకి సి.కె. నాయుడు ట్రోఫీ అనే పేరు. జీవితకాల సేవకు ఇచ్చే పురస్కారానికీ ఆయన పేరే.

డ్రిల్లు మాస్టారి ఇల్లు

బస్సు మళ్లీ వశిష్ఠ దాటి, రాజోలు దాటి, అమలాపురం చేరుతుంది. ఇప్పుడిది జిల్లా కేంద్రం. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడింది. ఆ జిల్లాకు పెట్టిన పేరు అంబేడ్కర్‌ది. ఆయనా బారిస్టరే. తరగతిలో వెనక గోనెపట్టా మీద కూర్చుని చదివి, దేశానికి రాజ్యాంగం రాసిన బారిస్టరు. చెట్టు కిందా, పెవిలియన్‌లోనా అన్న ప్రశ్న ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ అమలాపురం నుంచే మరో కుర్రాడు వెళ్లాడు. చేతిలో బ్యాటు కాదు, బ్యాడ్మింటన్ రాకెట్. సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి. తోడు చిరాగ్ శెట్టితో కలిసి 2022లో కామన్వెల్త్ స్వర్ణం, 2023లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచాడు. అదే ఏడాది ప్రపంచ నంబర్ వన్ డబుల్స్ జోడీ అయ్యారిద్దరూ. సాత్విక్ తాత కేంబ్రిడ్జికి వెళ్లిన ప్లీడరు కాదు, దొరలతో వర్తకం చేసిన దుబాసీ కాదు. నాన్న వ్యాయామ ఉపాధ్యాయుడు. మన మాటలో, డ్రిల్లు మాస్టారు.

విక్టోరియా కాలంలో ఆట తెలుగింటికి రావాలంటే ఆ ఇంట్లో ఇంగ్లిషు, ఆస్తి, తీరిక ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక్క డ్రిల్లు పీరియడు, దాన్ని లెక్కల పీరియడుగా మార్చని ఓ మాస్టారు ఉంటే చాలునని అమలాపురం నిరూపించింది. కాలవ నీళ్లు అక్విడక్టు ఎక్కి నది దాటినట్టు, ఆట ప్లీడరుగారి మేడ దిగి చేలోకి వచ్చింది. రావడానికి నూరేళ్లు పైనే పట్టింది.

జగ్గన్నతోటలో ప్రభలు వెనక్కి మళ్లే వేళకు చేలో వెలుగు తగ్గుతుంది. బంతి కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఆఖరి ఓవర్. కొబ్బరిమట్టకు తగిలిన బంతి గాల్లోకి లేచి, చెట్టును ముద్దాడి, ఓ పిల్లాడి చేతుల్లో పడుతుంది. ఔటా, కాదా? వాదన మొదలు. గట్టుమీద తాతగారు అంతా విని తీర్పు చెబుతారు.

‘చీకటి పడిందర్రా. రేపు మళ్లీ ఆ బంతి నుంచే మొదలెట్టండి.’

‘ఆయ్... అలాగేనండీ!’